చిలకమ్మ పెళ్లి జాకెట్టు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్లను ముట్టుకోవాలంటే నాకు సిగ్గు. టైలరు పని చేసేదానికి ఇది ఎంత ఇబ్బందో వేరే చెప్పక్కర్లేదు. మనిషి షాపులోకి వచ్చి కూర్చున్న దగ్గర్నుంచి, టేపు వేయాల్సిన క్షణాన్ని వీలైనంత వెనక్కి నెట్టుకుంటూ, భుజం వెడల్పు, చేతి లావు, మెడ లోతు కళ్లతోనే చూసి పెట్టుకుంటాను. అప్పుడిక టేపు వేసి తీయడం చిటికెలో అయిపోతుంది. 'ఆ గుంట కంటితోనే కొలిచేత్తాది' అని డుంబ్రిగుడ చుట్టుపక్కల నాకో పేరు వచ్చింది. అందరూ దాన్ని పనితనం అనుకున్నారు. నేనూ కాదనలేదు.

నిరుడు మాఘమాసంలో ఆ కళ్లను నమ్ముకునే ఒక పెళ్లి జాకెట్టు కుట్టాను. కుట్టు నేర్చుకున్నప్పటి నుంచీ నా చేతి మీదుగా ఎన్నో జాకెట్లు వెళ్లాయి. కొత్త మనిషి ఎదురుగా నిలబడినప్పుడల్లా గుర్తొచ్చేది మాత్రం అదొక్కటే.

మా షాపు సంత రోడ్డులో ఉంటుంది. ఒక గది, రెండు మిషన్లు, బట్ట కత్తిరించే బల్ల, గోడకు నిలువుటద్దం. మిషను సొరుగులో దారం రీళ్ల కింద ఎప్పుడూ ఒక నవల ఉంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే సొరుగు మూసేస్తాను. సంత రోజు మాత్రం నవల తీసే తీరికే ఉండదు. కొండ మీది ఊళ్లవాళ్లు రాజ్‌మా, పసుపు, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు దించి అమ్ముకున్నాక, సంచిలో జాకెట్టు ముక్కలు పెట్టుకుని నా దగ్గరికి వస్తారు. మాఘం వచ్చిందంటే అన్నీ పెళ్లి జాకెట్లే.

పెళ్లికి ముందు ఏం చూసుకోవాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది పెద్ద విషయమేం కాదు. ముహూర్తం అనుకున్న వారంలోనే బట్ట తెచ్చి ఇమ్మంటాను. లైనింగ్, అంటే జాకెట్టు లోపల వేసే నూలు గుడ్డ, కుట్టకముందే నీళ్లలో నానబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులో అది ముడుచుకుని పైబట్టను లాగేస్తుంది. పెళ్లికి వారం ముందు ట్రయల్‌కు రావాలి. ట్రయల్ అంటే జాకెట్టు తొడుక్కుని అద్దంలో చూసుకుని వెళ్లిపోవడం కాదు, తొడుక్కుని కాసేపు కూర్చోవాలి, వంగాలి, చేతులెత్తాలి. ఈ మాటలు వినేవాళ్లు తక్కువ. పెళ్లి రేపనగా బట్ట తెచ్చి, 'నీకెంతసేపమ్మా' అనేవాళ్లే ఎక్కువ.

గీత మాత్రం నెల ముందే వచ్చింది. తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది.

గీత మాటల మనిషి. కాఫీ గింజలు కొనే ఒక రైతుల సంఘంలో లెక్కలు చూస్తుంది. హుకుంపేట దగ్గర ఊరి అబ్బాయితో పెళ్లి కుదిరింది. ఇద్దరూ పాడేరులో డిగ్రీ చదివేటప్పటి నుంచి ఎరిగినవాళ్లే. ఫోన్ తీసి నాకు వరసగా జాకెట్ల ఫొటోలు చూపించింది. ఒకదాంట్లో వీపు నచ్చిందట, ఇంకోదాంట్లో చేతులు, మరోదాంట్లో మెడ. ఇవన్నీ ఒకే జాకెట్టులో కావాలా అని నెమ్మదిగా అడిగితే, "అదే కదా టైలరక్కా నా బాధ" అంది.

వాళ్లమ్మ చిలకమ్మ స్టూలంతా తనదే అయినా ఒక మూలన కూర్చుంది. కొండ ఊళ్లలో పెద్దాడవాళ్లు కట్టే పద్ధతిలో చీర పిక్కల మీదికే ఉంది, కొంగు భుజం మీద ముడి వేసి ఉంది. సంతలో కొన్న రెడీమేడ్ జాకెట్టు చంక దగ్గర కుట్లు విడిపోతే వేరే రంగు దారంతో వేసుకుంది. భుజాలు ముందుకు ముడుచుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కూతురు ఫోన్‌లో చూపించే ప్రతి ఫొటో వైపూ మెడ మాత్రం చాచి చూసింది. మీక్కూడా ఒకటి కుట్టనా అమ్మా అని అడిగాను. తనకేటి, సంతలో కొన్నవి ఉన్నాయి అని నవ్వేసింది.

మరుసటి సంతకు గీత ఒక్కతే వచ్చింది. తలుపు సగం మూసి, స్టూలు నా మిషను పక్కకు లాక్కుని, గొంతు తగ్గించి చెప్పింది.

వాళ్ల అమ్మా నాన్నలకు పెళ్లి కాలేదు. చిలకమ్మ ఒకనాడు సంతకు వచ్చి, ఇంటికి వెళ్లకుండా బుద్దుతో కలిసి అతని ఊరికి నడిచి వెళ్లిపోయింది. మా కొండల్లో ఇది వింత కాదు, తప్పూ కాదు. పెద్దలు మాట్లాడుకుని, అబ్బాయి వాళ్లు అమ్మాయి ఇంటికి ఓలి సొమ్ము ఇచ్చేస్తే వాళ్లు మొగుడూ పెళ్లాలే. పందిరి వేసి, పసుపు నీళ్లు పోసి, ఊరికి భోజనం పెట్టడం వీలున్నప్పుడు చేసుకుంటారు. కొందరికి ఆ వీలు మరుసటేడే వస్తుంది. కొందరికి పిల్లలు ఎదిగాక వస్తుంది. చిలకమ్మకు రానే లేదు. ఇప్పుడు గీత పెళ్లి దగ్గరకొచ్చింది. తాము పందిరి కింద కూర్చోకుండా తల్లీ తండ్రీ బిడ్డను పందిరి కింద కూర్చోబెట్టడం వాళ్ల ఊళ్లో లేదు. ముందు వాళ్లది అవ్వాలి, ఆ తర్వాతే గీతది.

ముహూర్తాలు చూసే దిసారి రెండూ ఒక రోజే పెట్టాడు. పెళ్లి రోజు పొద్దున్న ఎండ ఎదురు కొండ దిగి పందిరిని తాకేలోపు పెద్దవాళ్లది, ఆ తర్వాత చిన్నవాళ్లది. ఊరిపెద్ద నాయుడు కూడా సరేనన్నాడు. చిలకమ్మే ఒప్పుకోలేదు. కావాలంటే పొద్దున్నే ఇంటి వెనక నిలబడి రెండు చెంబుల పసుపు నీళ్లు పోయించుకుంటానంది. పందిరిలోకి మాత్రం రానంది. కూతురు పెళ్లికూతురై కూర్చునే రోజున తల్లి కూడా పెళ్లికూతురై కూర్చుంటే హుకుంపేట వాళ్లు ఏమనుకుంటారు అంది.

"వాళ్లేమీ అనుకోరక్కా. మా కాబోయే అత్తగారి పెళ్లికి ఆవిడ కొడుకే, అంటే మా ఆయనే, పల్లకీ దగ్గర టపాసులు కాల్చాడంట, అప్పటికి ఆయన నాలుగో క్లాసు" అని గీత నవ్వింది. తర్వాత నవ్వు ఆపి సంచిలోంచి రెండు చీరలు తీసింది. రెండూ పసుపు రంగువే, రెండింటికీ ఎర్ర అంచే. "ఒకటి నాకు, ఒకటి అమ్మకి. నాన్నకి తెలుసు. అమ్మకి ముందే తెలిస్తే పోయి నాయుడితో వద్దని చెప్పేసి వస్తది. నువ్వు టేపు లేకుండా కొలుస్తావంట కదా?"

కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పడానికీ రాలేదు. అలాగేలే అన్నాను.

తన చీరకు ఫాల్ కుట్టించుకు రమ్మని గీత తల్లిని ఒంటరిగా పంపింది. ఫాల్ అంటే చీర కింది అంచుకు లోపల వేసే పట్టీ, చేత్తో కుట్టాలి, ఆలస్యమవుతుంది. కావాలనే నెమ్మదిగా కుట్టాను. చిలకమ్మ మళ్లీ అదే స్టూలు, అదే మూల. మాటల్లో పెట్టమని గీత చెప్పింది కానీ, మాటల్లో పెట్టడం నాకు చేతనైతే నేను ఇన్ని నవలలు చదివి ఉండను. అదృష్టం కొద్దీ ఆవిడే మొదలుపెట్టింది. పందుల గురించి మొదలుపెట్టింది.

పెళ్లి భోజనం పెట్టడానికని ఆవిడ ఇదివరకు పందిని పెంచిందట, ఒకసారి కాదు. మొదటిది బాగా ఎదిగే సమయానికి చంటిపిల్ల గీతకు జ్వరం తగులుకుంది. దాన్ని అమ్మి విశాఖ తీసుకెళ్లారు. రెండోది కంచె దూకి పారిపోయింది.

"కొండవతలి ఊరోల్లు పట్టుకున్నారంట. అదే వారం ఆ ఊల్లో ఒక పెళ్లయినాది. నా పందితోటే అయినాది గుంటా ఆ పెళ్లి. నన్ను బోజినానికి పిలిసినారు కూడాను, నానెల్లి తిన్నాను." చెప్తూ చెప్తూ ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మూడోది గీత పాడేరు కాలేజీలో చేరినప్పుడు ఫీజు కింద వెళ్లిపోయింది.

"నాను ముందుగా దేనికైనా తయారైతే అది అవ్వదు" అంది తర్వాత. బాధగా ఏమీ అనలేదు. ఈ చేనులో వేరుశనగ పండదు అన్నట్టు అంది.

ఫాల్ అయ్యాక చీర మడత పెడుతుంటే ఆవిడ చెయ్యి చాచి, బల్ల అంచు మీంచి వేలాడుతున్న గీత జాకెట్టు చేతిని పట్టుకుంది. ఎర్ర అంచును బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకు రుద్దింది. పెళ్లికూతురు జాకెట్టుకు చేతులకే అంచు ఎందుకేస్తారు అని అడిగింది. చేతులు అందరికీ కనబడతాయి కదమ్మా అన్నాను. "అవును, నా పందిని కోసిన పెళ్లిలో అలివేలుకి కూడా ఇలగే ఏసినారు" అంది. ఆవిడ వెళ్లిపోయాక, భుజం ఇంత, ఛాతీ ఇంత, ఆర్మ్‌హోల్ ఇంత అని కాగితం మీద రాసుకున్నాను. ఆర్మ్‌హోల్ అంటే చెయ్యి దూరే గుండ్రం. జాకెట్టు బాగుందా బాలేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

కత్తిరించేటప్పుడు భయమేసింది. కంటితో చూసినా ప్రతిసారీ చివర్లో టేపు ఉండేది. ఈసారి లేదు. మామూలుగా పక్క కుట్టు లోపల వేలెడు మార్జిన్ వదులుతాం. మార్జిన్ అంటే రేపు ఒళ్లు వస్తే విప్పుకోవడానికి దాచే బట్ట. నేను ఆ రోజు ముక్కలో మిగిలిన బట్ట అంతా రెండు పక్కలా లోపలే వదిలేశాను. నాకు పని నేర్పిన మేడమ్ చూస్తే తిట్టేవారు. మార్జిన్ ఎక్కువైతే చంక కింద ఉండలా గుచ్చుకుంటుందని ఆవిడ పదేపదే చెప్పేవారు. అయినా కత్తెర పెట్టబుద్ధి కాలేదు.

పెళ్లికి నన్నూ రమ్మంది గీత. సూదీ దారం పట్టుకుని రమ్మంది. మా ఇంట్లో ఆశ్చర్యపోయారు. మా చర్చిలో జరిగే పెళ్లిళ్లకే నేను వెనక బెంచీలో కూర్చుని ప్రార్థన అవ్వగానే వచ్చేస్తాను. ముందురోజు సాయంత్రం ఆటోలో కొండెక్కి, గీత స్నేహితురాళ్లతో పడుకుని, తెల్లారేసరికి చలికి పళ్లు కొట్టుకుంటూ వాకిట్లో నిలబడ్డాను. లోయంతా మంచు. ఎదురు కొండ శిఖరం మీద మాత్రం ఎండ పడింది. కొత్త వెదురు పందిరికి మామిడాకులు కట్టి ఉన్నాయి.

చిలకమ్మ అనుకున్నట్టే, పాత చీరలో ఇంటి వెనక చెంబు పట్టుకుని నిలబడింది. పసుపు నీళ్లు పోశారు. అంతలో గీత, చుట్టుపక్కల ఆడవాళ్లు ఆవిడను చుట్టుముట్టి చీర, జాకెట్టు చేతిలో పెట్టారు. ఆవిడ ఒకసారి చీర వైపు, ఒకసారి కూతురి వైపు చూసింది. ఏమిటే ఇది, ముసిల్దాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తారా అని గట్టిగా అనేసి, ఆ చీరా జాకెట్టుతోనే ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

గీత తలుపు తట్టింది. మేనత్త తట్టింది. నాయుడు వచ్చి తలుపు బయట నిలబడి నెమ్మదిగా చెప్పి చూశాడు. ఎండ కొండ నడుముకు వచ్చింది. అది పందిరి తాకితే పెద్దవాళ్ల ముహూర్తం దాటిపోయినట్టే. గీత ముహూర్తం దాని మీదే ఉంది. హుకుంపేట వాళ్ల జీపు వచ్చి ఆగింది. గీత ముఖం చూడలేకపోయాను. రెండు చీరలు కొన్నప్పటి నుంచి ఆ పిల్ల దేనికీ భయపడలేదు, ఇప్పుడు భయపడింది. అమ్మను నేనే ఏడిపించానక్కా అంది నాతో.

అప్పుడు బుద్దు వచ్చాడు. ఆయన తక్కువగా మాట్లాడే మనిషి. ఒళ్లంతా పసుపు, కొత్త పంచె, కొత్త చొక్కా, మెడలో బంతిపూల దండ. నేరుగా పందిరి కిందికి వెళ్లి, ఒకవైపు జరిగి, పక్కన చోటు వదిలి కూర్చున్నాడు. అక్కడి నుంచి ఇంట్లోకి వినబడేలా పిలిచాడు.

"సిలకా, నాను కూకున్నాను. నువ్వు రాకపోతే నా ఒక్కడికే సేసెత్తారంట పెళ్లి. సేసీమనేదా?"

వాకిలంతా గొల్లుమంది. హుకుంపేట జీపులోంచి దిగినవాళ్లు కూడా నవ్వారు. వరుడి తల్లి అందరికంటే గట్టిగా నవ్వి, "ఒదినా, బేగి రా, నా పెళ్లికి మావోడు టపాసులు కాల్సినాడు, ఇప్పుడు నీ పెళ్లికీ తెచ్చినాడు" అంది. కాసేపటికి తలుపు వేలెడు తెరుచుకుంది. ఆ సందులోంచి చిలకమ్మ గొంతు వినబడింది. ఆ కుట్టిన గుంట వచ్చిందా, వస్తే దాన్నొక్కదాన్నే పంపండి అంది.

నన్ను లోపలికి తోశారు.

ఆవిడ అప్పటికే చీర కట్టేసుకుంది. తలుపేసుకుని అంతసేపూ ఏం చేసిందో నాకప్పుడు అర్థమైంది. జాకెట్టు తొడుక్కుని హుక్కుల దగ్గర ఆగింది. నేను పెట్టాను. భుజాలు ముడుచుకునే నిలబడింది. జాకెట్టు అతికినట్టు సరిపోయింది. నా కళ్లు నన్ను మోసం చేయలేదని మనసులో పొంగిపోయాను.

గోడకు చిన్న అద్దం ఉంది. దాన్ని తీసి ఆవిడ ముందు పట్టుకున్నాను. చిలకమ్మ ముందు అంచు చూసుకుంది, తర్వాత ముఖం చూసుకుంది. బయట తుడుము డప్పు మోగడం మొదలైంది. ఆవిడ నెమ్మదిగా నిటారుగా అయింది. మెడ లేచింది, భుజాలు వెనక్కి వెళ్లాయి, ఛాతీ నిండా ఊపిరి తీసుకుంది. కొండ మీదికీ కిందికీ బుట్టలు మోసి మోసి గట్టిపడిన భుజాలు అవి. ఎంత వెడల్పో నేనప్పటిదాకా చూడనే లేదు. పటుక్కున ఒక హుక్కు తెగి నేల మీద పడింది. దాని వెనకే ఇంకోటి తెగింది. చంక దగ్గర కుట్టు పిగిలిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

ఆవిడ వెంటనే మళ్లీ ముడుచుకుపోయింది. "సూసినావా," అంది మెల్లగా, "నాను తయారైతే అవ్వదు."

నాకు ఆ క్షణంలో పందులు గుర్తొచ్చాయి. నేను షాపులో కొలిచింది చిలకమ్మను కాదు, చిలకమ్మ సిగ్గును. స్టూలు మూలన ముడుచుకుని కూర్చున్న మనిషికి జాకెట్టు కుట్టి, పెళ్లికూతురికి తొడగబోయాను. అలా ముడుచుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? అయినా గమనించలేదు.

"అవుతుందమ్మా, లోపల బట్టుంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తలుపు తీసి గీతను, వాళ్ల మేనత్తను పిలిచాను. ఎండ ఎంత దూరం వచ్చిందని అడిగాను. జీడిమామిడి చెట్ల దాకా దిగిందన్నారు. జాకెట్టు విప్పించి పక్క కుట్లు తీశాను. లోపల దాచిన బట్టంతా బయటికొచ్చింది. పసుపుపచ్చగా, ఇస్త్రీ మడత పోకుండా.

తర్వాత టేపు తీసి, ఆవిడ చుట్టూ చేతులు వేశాను. పసుపు, కుంకుడుకాయ, పొగ కలిసిన వాసన. "పూర్తిగా ఊపిరి పీల్చండమ్మా" అన్నాను. పీల్చింది. "చాల్లేదు, ఇందాక అద్దంలో చూసుకున్నప్పుడు పీల్చినట్టు" అన్నాను. ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మీదే టేపు చదివాను. తర్వాత థింసాలో నిలబడ్డట్టు నిలబడమన్నాను. మా కొండల్లో ఆడవాళ్లు ఆడే ఆట అది. వరసగా నిలబడి, చేతులు ఒకరి వీపు వెనకగా ఒకరు పెనవేసుకుని పట్టుకుంటారు. అలా చేతులు వెనక్కి పోయినప్పుడు నిలిచిన జాకెట్టు ఇంకెప్పుడూ చిరగదు. గీత ఒకవైపు, మేనత్త ఒకవైపు చేతులు కలిపారు. మధ్యలో చిలకమ్మను నిలబెట్టి, జాకెట్టు తొడిగి, ఒంటి మీదే పిన్నులు పెట్టి, చేత్తో వెనక్కుట్టు వేశాను. ప్రతి పోగూ వెనక్కి తిరిగి మళ్లీ ముందుకు వచ్చే కుట్టు అది, చేతి కుట్లలో గట్టిది. ఆడవాళ్లు ముగ్గురూ కదలకుండా నిలబడలేక మెల్లగా అడుగులు కలిపారు. కదలొద్దంటే నవ్వారు. నా వేలికి రెండుసార్లు సూది గుచ్చుకుంది.

రెండో పక్క అయ్యేసరికి బయట నుంచి నాయుడు కేకేశాడు. ఎండ పశువుల పాక మీదికి వచ్చిందట. తెగిన హుక్కుల చోట పిన్నీసులు పెట్టి పైట సర్దాను.

చిలకమ్మ బయటికి వెళ్లింది. వంగి వెళ్లలేదు. పందిరి కింద బుద్దు పక్కన కూర్చుంది. ఆయన ఆవిడ వైపు చూసి, అంతవరకూ కాపాడిన చోటు ఇంకొంచెం జరిగి ఇచ్చాడు. ఇంకెక్కడికి పోతావయ్యా పందిరవతలికా అని ఎవరో అన్నారు. దిసారి పసుపు నీళ్లు చల్లి బియ్యం వేస్తుండగానే ఎండ పాక దిగింది. పందిరి మీది మామిడాకుల్ని తాకేసరికి వాళ్ల పెళ్లి అయిపోయింది. వాళ్లమ్మ అన్నట్టే వరుడు టపాసులు కాల్చాడు. కోళ్లు చెట్లెక్కాయి.

తర్వాత గీత కూర్చుంది. అదే రంగు చీర, అదే అంచు. వెనక నిలబడ్డ తల్లి కళ్లు తుడుచుకుంటుంటే, నీ పెళ్లిలో నేనేడవలేదు, నా పెళ్లిలో నువ్వేడవకు అని గీత తల తిప్పి అంది. సాయంత్రం దాకా థింసా ఆడారు. పెళ్లికూతుళ్లిద్దరూ ఒకే వరసలో ఉన్నారు. వరస మలుపు తిరిగిన ప్రతిసారీ నా చూపు చిలకమ్మ జాకెట్టు చంక దగ్గరికే వెళ్లింది. ఒక్క పోగు కూడా కదల్లేదు.

ఆ జాకెట్టు తర్వాత నా పని పద్ధతి మారింది. ఇప్పుడు పెళ్లికూతురు వస్తే ముందు టీ తెప్పిస్తాను. పెళ్లికి ఏం వండుతున్నారు, వరుడు ఏం చేస్తాడు అని నాకు చేతనైనంత మాట్లాడిస్తాను. నవ్వాక లేపి నిలబెడతాను. అప్పుడే టేపు వేస్తాను, పూర్తిగా వేస్తాను. చేతులెత్తమంటాను, వీపు వెనకకు పెట్టమంటాను. ఇక్కడి పిల్లలకు ఎందుకో చెప్పక్కర్లేదు, వెంటనే థింసా అడుగు వేసి చూపిస్తారు. పెళ్లికి ముందే అన్నీ సిద్ధం చేసుకోవాలని వచ్చేవాళ్లకు ఇప్పటికీ అదే చెప్తాను, ముందుగా రండి అని. దాంతో పాటు ఇంకొకటి చెప్తాను. ఈ రోజు మీరెలా ఉన్నారో దానికి సరిగ్గా కుట్టించుకోకండి, ఆ రోజు ఎలా ఉంటారో దానికి కొంచెం బట్ట దాచమనండి. ఆ రోజు మనిషి వేరేగా ఉంటుంది. మార్జిన్ కాస్త గుచ్చుకున్నా ఫర్వాలేదు. మేడమ్ ఒప్పుకోరు కానీ నేను అలాగే వదులుతున్నాను.

ఆ రోజు సామ అన్నం, మాంసం కూర తిని నేను బయల్దేరేసరికి పొద్దు ఎదురు కొండ వెనక్కి వాలింది. ఆటో కోసం దారి మలుపులో నిలబడ్డాను. చిలకమ్మ ఆట మధ్యలోంచి వచ్చింది, చెమట, పసుపు, కుంకుమ కలిసిపోయిన ముఖంతో. అడ్డాకులో చుట్టి దారంతో కట్టిన కూర పొట్లం నా చేతిలో పెట్టింది. ఇంట్లోవాళ్లకు అంది. నేను థాంక్స్ అని నేల చూశాను. ఆవిడ వెళ్లలేదు. నన్నే చూస్తోంది, సరిగ్గా నేను షాపులో మనుషుల్ని చూసినట్టు. నేను సంచీ, పొట్లం గుండెలకు హత్తుకుని, భుజాలు రెండూ ముందుకు ముడుచుకుని నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది.

ఆటో వచ్చింది. ఎక్కి కూర్చున్నాక ఆవిడ లోపలికి వంగి, నా భుజం మీద చెయ్యి వేసి వెనక్కి నొక్కింది.

"నీ పెళ్లి జాకెట్టు నువ్వే కుట్టుకుంటావు గదా. ఆనాడు మాత్రం ఇలగ ఒంగోని కొలుసుకోకు, గుంటా."